మూడో వరుసలో ఆరో చెట్టు

నన్ను ఉద్యోగంలోకి తీసుకునే రోజు పెద్ద సారు అడిగిన మొదటి ప్రశ్న, ఎండలో నిలబడగలవా అని. ఒళ్ళు మండింది. నాది పాలమూరు. మా అమ్మా నాయినా ముల్లెమూట నెత్తిన పెట్టుకుని ఊళ్ళూ రాష్ట్రాలూ తిరిగి కాలువలు తవ్వినవాళ్ళు. వాళ్ళు తవ్విన కాలువల్లో ఒక్కటీ మా ఊరి వైపు తిరగలేదు, అది వేరే సంగతి. పార పట్టి పట్టి అరచేతులు కాయలు కాసిన ఇంట్లో పుట్టి, వ్యవసాయ డిగ్రీ దాకా వచ్చినదాన్ని పట్టుకుని ఆ మాట అడిగితే ఏం చెప్పను? నిలబడతాను సార్, కుర్చీ వేస్తే కూర్చుంటాను కూడా అన్నాను. పెద్ద సారు నవ్వలేదు. పరిశోధన కేంద్రంలో ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఎవరూ లేరని తర్వాత తెలిసింది. ఉద్యోగం మాత్రం ఇచ్చారు. ఏడాది కాంట్రాక్టు, పని బాగుంటే పొడిగింపు. "బాగుంటే" అన్న మాట దగ్గర కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూశారు.

ఇంతకీ నా పని బత్తాయి చెట్లను ఎండగట్టడం. వినడానికి పాపిష్టి పనిలా ఉంటుంది గానీ నల్లగొండ బత్తాయి రైతుకు ఇది పాత విద్యే. ఏడాది పొడుగునా అడిగినన్ని నీళ్ళు పెడితే బత్తాయి చెట్టు సుఖం మరిగి ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. చలికాలం మొదట్లో నీళ్ళు ఆపేసి, ఆకు ముడుచుకునే దాకా వాడబెట్టి, అప్పుడు ఒక్కసారిగా నీళ్ళు వదిలితే, ఇక చచ్చానే అనుకున్న చెట్టు ఉన్న బలమంతా పూతలో పెడుతుంది. తోటంతా ఒకేసారి పూస్తుంది, ఒకేసారి కాస్తుంది, వ్యాపారి లారీ తెచ్చుకుని తోట దగ్గరికే వస్తాడు. చిక్కల్లా ఎన్ని రోజులు ఎండగట్టాలన్న దగ్గరే. తక్కువైతే పూత రాదు, ఎక్కువైతే చెట్టు దక్కదు. పాతకాలం వాళ్ళు ఆకును చూసి చెప్పేవాళ్ళు. మా కేంద్రం వాళ్ళు ముల్లును చూసి చెప్పాలనుకున్నారు.

ఆ ముల్లు ఒక గొట్టానికి ఉంటుంది. గొట్టం అడుగు లోతున మట్టిలోకి దిగి ఉంటుంది, పైన అరచేయంత గుండ్రటి బిళ్ళ, బిళ్ళలో అంకెలు, అంకెల మీద ముల్లు. మట్టి ఎండినకొద్దీ ముల్లు పైకెక్కుతుంది, తడి తగిలితే దిగుతుంది. దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి ఉంది. ఊళ్ళో వాళ్ళు చూస్తూనే గడియారం అన్నారు. వారం తిరిగేసరికి నేను కూడా గడియారమనే అన్నాను.

తోట కేతేపల్లి నుంచి ఆటోలో లోపలికి పోవాలి. మూసీ కాలువ పారే ఊళ్ళన్నీ ఒక వైపు పచ్చగా కనబడుతుంటాయి. మా తోట ఉన్నది కాలువ ఎక్కలేని ఎర్రగడ్డ మీద. ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చిన రోజులవి. కరెంటు పూర్తిగా వస్తోంది, బోరులో నీళ్ళు సగమే వస్తున్నాయి. తోటలో ఆరు బోర్లుండేవి. అందులో ఐదు ఎండిపోయినవే. పైపు నోళ్ళ మీద బండరాళ్ళు పెట్టి ఉండేవి, పిల్లలూ మేకలూ పడకుండా. మిగిలిన ఒక్కటీ గంట పోసి గంట దమ్ము తీసుకునేది.

తోట యజమానిని నేను అన్న అని పిలిచేదాన్ని. నలభై దాటినవాడు, మాట తక్కువ, ఆశ ఎక్కువ. అతని తల్లి అవ్వ. అసలు తోట ఆమెదే అనాలి, ఎందుకంటే చెట్టు చెట్టునూ ఎరిగినది ఆమే. ఒక కరువు ఏడాది బోర్లు వరసగా పడిపోతే సగం తోట నిలువునా ఎండిపోయిందట. ఆ ఎండు చెట్లను కొట్టించి కట్టెలకు అమ్ముతుంటే అవ్వ మూడు రోజులు అన్నం ముట్టలేదట. అప్పుడే ఒక చెట్టును మాత్రం ట్యాంకరు నీళ్ళు బిందెలతో మోసి మోసి బతికించుకుంది. ఆ సంగతి అన్న నాకు మొదటి రోజే చెప్పాడు. ఏ చెట్టు అని అడగాలని నాకు తోచలేదు. చదువుకున్నదాన్ని కదా, చెట్లకు నంబర్లు రేకుల మీద రాసి కట్టే హడావుడిలో ఉన్నాను.

మూడు వరుసలు తీసుకున్నాం. మొదటి వరుసకు మామూలు నీళ్ళు, రెండో వరుసకు సగం, మూడో వరుసకు నలభై రోజులు చుక్క లేదు. ఆ మాట చెప్పగానే అవ్వ ఎన్ని రోజులని మళ్ళీ అడిగింది. నలభై అన్నాను. ఎండగట్టడం ఆమెకు నేను నేర్పేదేముంది, నా వయసుకు రెండింతలు ఆమె తోట అనుభవం. అయితే ఆ కరువు తర్వాత ఆ ఇంట్లో ధైర్యంగా ఎండగట్టడం పోయింది. నీళ్ళు ఆపిన పదో రోజుకే గుండె జారి మోటారు వేసేసేవాళ్ళు. పూత కొమ్మకొకటి రెమ్మకొకటి వచ్చేది, కాయ విడతలు విడతలుగా దిగేది, బేరం దగ్గర వ్యాపారి ఆడిందే ఆట. అందుకే అన్న మా పరిశోధనకు తోట ఇచ్చాడు. అవ్వ మాత్రం అవునూ అనలేదు, కాదూ అనలేదు. మంచినీళ్ళు తెస్తానని ఇంటి వైపు వెళ్ళింది. ఒప్పుకుందనుకున్నాను.

అవ్వకు ఒక పిచ్చి ఉందని నాకు రెండో రోజుకే అర్థమైంది. చేతులు కడిగించే పిచ్చి. పొద్దున ఏడింటికి నేను ముల్లు చూసి కాగితం మీద అంకె రాసుకునేసరికి బిందె చంకన పెట్టుకుని తయారుగా ఉండేది. బస్సుల ఏమేం పట్టుకున్నవో, చేతులు కడుగు బిడ్డా అనేది. కడిగేదాన్ని. చాయ్ తాగే ముందు కడిగించేది, తాగాక గ్లాసు కడిగేది. మధ్యాహ్నం తినే ముందు, తిన్నాక, మట్టి ముట్టుకున్నాక, గడియారం ముట్టుకున్నాక కూడా. నా తర్వాత కలుపు తీసే ఆడవాళ్ళకు, వాళ్ళ తర్వాత టిఫిన్ గిన్నెలకు, ఆఖర్న తన కాళ్ళకు. మా అమ్మ కూడా నన్ను ఇంత శుభ్రంగా పెంచలేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు గానీ, ఆ తోటలో అడుసు లేకపోయినా కాళ్ళు కడగడం మాత్రం ఆగలేదు.

ఇదంతా జరిగేది మూడో వరుసలో ఆరో చెట్టు కింద. అక్కడే ఎందుకంటే అక్కడ నీడ చిక్కగా ఉండేది. మిగతా చెట్లు ఆకు ముడుస్తున్నా అది మాత్రం పచ్చగా గొడుగు పట్టేది. నీడ ఎందుకు చిక్కగా ఉందని అడగాల్సిన మనిషిని నేను. జీతం ఇచ్చేది అందుకే. నేను ఆ నీడలో కూర్చుని అవ్వ పెట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, చేతులు కడుక్కుని, ఆరో చెట్టు ముల్లు ఎందుకు ఎక్కడం లేదా అని ఆలోచించేదాన్ని.

నిజంగానే ఎక్కలేదు. పన్నెండో రోజుకు ఆ వరుసలో మిగతా గడియారాలన్నీ పైకి పోతుంటే ఆరోది కింద బజ్జుకుని ఉంది. గడియారం చెడిపోయిందేమోనని నాలుగో చెట్టుదానితో మార్చి చూశాను. అక్కడికి పోయింది ఎక్కింది, ఇక్కడికి వచ్చింది దిగింది. పైపు ఎక్కడైనా కారుతోందేమోనని మోటారు దాకా మోకాళ్ళ మీద పాకి చూశాను. అవ్వ నన్ను చూసి పాపం పిల్ల బట్టలన్నీ ఖరాబు చేసుకుంటోందని జాలి పడింది, లేచాక చేతులు కడిగించింది.

చివరికి పెద్ద సారుకు చెప్పక తప్పలేదు. ఆయన జీపులో వచ్చారు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగారు, ఆకు తెంపి చూశారు, ముల్లును వేలితో తట్టారు. అడుగున తేమ పొర ఏదైనా ఉండొచ్చు అన్నారు, తనలో తను అనుకున్నట్టు. పక్కన అన్న నిలబడి ఉన్నాడు. ఆ "ఉండొచ్చు" గట్టు దాటేసరికి "ఉంది" అయింది, ఇంటికి చేరేసరికి గంగమ్మ అయింది. సారుకు అవ్వ చాయ్ ఇచ్చింది. తాగే ముందోసారి, తాగాక ఒకసారి చేతులు కడిగించింది. ఆయన కూడా కడుక్కున్నారు. అవ్వ బిందె వంచి నిలబడితే కాదనే మగాడు ఆ మండలంలో లేడు.

సారు వచ్చి వెళ్ళిన మూడో రోజు, బోరుకు చోటు చూసే కొబ్బరికాయ ఆయన వచ్చాడు. అరచేతిలో కాయ అడ్డంగా పెట్టుకుని పొలంలో నడుస్తాడు, కింద నీళ్ళున్న చోట కాయ నిలువుగా లేస్తుంది. తోట నాలుగు మూలలా తిరిగాడు. కాయ లేవలేదు. మూడో వరుసలోకి రాగానే ఇంటిల్లిపాదీ ఆరో చెట్టు వైపే చూస్తున్నారు. కాయకు మూడు కళ్ళుంటాయి గానీ అవి చూడలేదు, పట్టుకున్నాయన రెండు కళ్ళూ చూశాయి. ఆరో చెట్టు దగ్గరికి రాగానే కాయ సిపాయిలా లేచి నిలబడింది. అన్న ముఖం చూస్తే నాకు నవ్వు పోయింది. ఐదు బోర్లు మింగిన మనిషి ముఖం అది. బోరు బండి వాడికి అక్కడే ఫోన్ చేశాడు. మరుసటి వారం వస్తామన్నారు. గట్టెక్కిస్తే యాదగిరిగుట్టకు నడిచి వస్తానని అన్న మొక్కుకున్నాడు కూడా.

నిజం చెబుతున్నాను, అప్పటికి నాకేమీ తెలియదు. నాకూ లోపల ఎక్కడో గర్వంగానే ఉంది, నా గడియారం కనిపెట్టిందని. గడియారం అబద్ధం ఆడదు అన్నా అని నేనే పెద్ద శాస్త్రవేత్తలా చెప్పాను. ఆ మాట తర్వాత నా మెడకే చుట్టుకుంది.

మధ్యలో మా చిన్నమ్మ కూతురి పెళ్ళికి మూడు రోజులు సెలవు పెట్టి పాలమూరు పోయాను. తిరిగి వచ్చి చూస్తే ఆరో చెట్టు ముల్లు చకచకా పైకెక్కి ఉంది. ఆ రోజంతా తోటలో ఉన్నాను. మర్నాడు పొద్దున చూస్తే దిగిపోయింది. పాత కాగితాలు తిరగేశాను. ప్రతి సోమవారం పొద్దునా ముల్లు కాస్త పైకే ఉంది, అంటే నాకు సెలవైన ఆదివారం తర్వాత. నేనుంటే తడి, నేను లేకపోతే పొడి. కాసేపు నాలోనే ఏదైనా మహిమ ఉందేమో అనుకున్నాను.

మధ్యాహ్నం తిన్నాక అవ్వ బిందె వంచింది. ఆ రోజు నేను చేతుల్ని చూసుకోలేదు, నీళ్ళు ఎటు పోతున్నాయో చూశాను. నేను కూర్చునే చోటి నుంచి చెట్టు మొదలు దాకా బొటనవేలితో గీసిన సన్నటి కాలువ ఉంది. అటూ ఇటూ చిన్న చిన్న గట్లు కూడా వేసి ఉన్నాయి. నీళ్ళు చుక్క పక్కకు పోకుండా బుద్ధిగా చెట్టు పాదులోకి పోతున్నాయి. కాలువలు తవ్వినవాళ్ళ బిడ్డను నేను. నా చేతుల కిందే కాలువ పారుతుంటే ఇరవై రోజులు కనిపెట్టలేకపోయాను. అవ్వ బిందె అడుగున మిగిలినదంతా, పాత నీళ్ళు అంటూ, పాదులో కుమ్మరించి బిందె బోర్లించింది.

కొడుకు చూస్తుంటే చెట్టుకు నీళ్ళు పోయడానికి లేదు. చుట్టం చేతులు కడుక్కుంటే ఎవరేమంటారు? నేను లేని రోజు బిందె తెస్తే ఎందుకని అడుగుతారు కాబట్టి తెచ్చేది కాదు. పరిశోధన చేయడానికి వచ్చిన నన్నే పెట్టుకుని పరిశోధనను ముంచింది ముసలమ్మ. కోపం రావాల్సింది, వచ్చింది కూడా. దాని వెనకే నవ్వు వచ్చింది. నవ్వు వెనక బోరు బండి గుర్తొచ్చింది.

పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగాను. అవ్వ బుకాయించలేదు. ట్యాంకరు నీళ్ళతో బతికించుకున్న చెట్టు అదేనంది. మరి రెండు రోజుల్లో బోరు వేస్తున్నారు కదా, నీళ్ళు నువ్వు పోసినవని కొడుకుకు చెప్పవా అన్నాను. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"నేను పోసినయి రెండు బిందెలు బిడ్డా. రెండు బిందెలకే గా ముల్లు గంత దిగుతదా? మీ గడియారం చెప్పె, కొబ్బరికాయ చెప్పె. కింద గంగమ్మ ఉన్నట్టే ఉన్నది."

పోసిన మనిషికే నమ్మకం కుదిరింది. ఇక చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. రెండు రోజులు చెప్పలేదు. ఈ భాగం రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. చెబితే పెద్ద సారు ముందు ఏమని చెప్పాలి? ప్రయోగంలో నేనే చేతులు కడుక్కున్నానని చెప్పాలి. పొడిగింపు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఎవరో ఒకరు ఆపుతారులే, బోరు బండి ఈ వారం రాదులే, అవ్వే మనసు మార్చుకుంటుందిలే అనుకుంటూ తేలు కుట్టిన దొంగలా ఏడింటికి వచ్చి అంకెలు రాసుకుని పోయాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నా నోరే. పనికిమాలిన చోటల్లా పేలే ఆ నోటికి ఆ రెండు రోజులూ పక్షవాతం వచ్చింది.

బోరు బండి చెప్పిన రోజే వచ్చింది. నేను ఆటో దిగేసరికి తోటలోకి వచ్చేసి ఉంది, పెద్ద లారీ ఒకటి, పైపుల లారీ ఇంకొకటి. దారి కోసం రెండో వరుస కొమ్మలు కొన్ని నరికారు. ఆరో చెట్టుకు మూడడుగుల దూరంలో సున్నంతో ముగ్గు వేసి పసుపు కుంకుమ పెట్టారు. అన్న స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకున్నాడు. అన్న భార్య హారతి పళ్ళెం పట్టుకుని వచ్చింది. రోజూ మెడలో ఉండే గొలుసు ఆ రోజు లేదు. పసుపుతాడు ఒక్కటే ఉంది. నేను ఆ మెడనే చూశాను. ఆమె చూసి, కొంగు పైకి లాక్కుంది.

ఇక నా వల్ల కాలేదు. ఆపండి అన్నాను. గబగబా అంతా చెప్పాను. చేతులు కడగడం, సోమవారాలు, కాలువ, బిందె, మొత్తం. డ్రైవరు నవ్వాడు. అన్న నవ్వలేదు.

"గడియారం అబద్ధం ఆడదని మీరే అంటిరి గద మేడం" అన్నాడు.

అన్నాను. ఇప్పుడు ఏమని కాదనను? అవ్వ ఆరో చెట్టుకు ఆనుకుని నిలబడి ఉంది, నా వైపు చూడదు, కొడుకు వైపూ చూడదు. ముసలామె నాలుగు చెంబులు పోస్తే గడియారం మోసపోతుందా, కొబ్బరికాయ మోసపోతుందా అని పూజ చూడ్డానికి వచ్చిన వాళ్ళు కూడా అన్నకే వత్తాసు. నేను వాళ్ళకు ఉద్యోగం కాపాడుకోవడానికి మాట మారుస్తున్న మనిషిలా కనబడ్డాను. ఉద్యోగం కాపాడుకోవడానికే రెండు రోజులు మాట దాచానని వాళ్ళకేం తెలుసు.

గట్టు మీద పార ఉంటే తీసుకున్నాను. పార పట్టడం నాకు డిగ్రీలో నేర్పలేదు, అంతకు ముందే వచ్చు. చున్నీ నడుముకు బిగించి గడియారం పక్కనే తవ్వడం మొదలుపెట్టాను. మొదటి జానెడు తడి. చూసిన్రా అని ఎవరో అన్నారు. రెండో జానెడు కూడా తడే. అన్న ముఖం వెలిగింది. నేను ఆగలేదు. మోకాలి లోతుకు వచ్చేసరికి పార మొన ఖణేల్‌మంది. పొడి మొరం. పిడికిట్లోకి తీస్తే బూడిదలా జారిపోయింది. ఇంకా నమ్మలేదు వాళ్ళు. ఇంకో వైపు తవ్వి చూపిస్తానని చెట్టు మొదలు వైపు జరిగి పార ఎత్తాను.

అప్పుడు అవ్వ వచ్చి పార కామ పట్టుకుంది.

"తవ్వకు బిడ్డా, ఏర్లు తెగుతయి" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నేనే పోసిన. దినాం పోసిన. గా కరువుల నెత్తి మీద మోసి బతికిచ్చుకున్న చెట్టు ఇది. నా కండ్ల ముందట ఎండవెడితె నాతోని గాలే. కింద గంగమ్మ లేదు, ఏం లేదు."

అంతసేపూ గంగమ్మ మీద పెట్టుకున్న ఆశను ఆమె చెట్టు వేరు తెగుతుందన్న భయంతో వదులుకున్నట్టు కనబడింది. కొడుకు మునుగుతున్నా రాని మాట వేరు తెగుతుందంటే వచ్చింది అనుకునేరు, అలా కాదు. అప్పటిదాకా ఆమె నిజంగా నమ్మింది. ఆ పొడి మొరం చూశాకే నమ్మకం పోయింది. పోయిన మరుక్షణం వచ్చి పార పట్టుకుంది.

అన్న గుంట దగ్గర కూర్చుని అడుగున చేయి పెట్టాడు. పిడికెడు మొరం తీసి, వేళ్ళ మధ్య నుంచి జారిపోనిచ్చాడు. మళ్ళీ తీశాడు. బోరు బండి డ్రైవరు ఏం చేద్దామన్నట్టు చూస్తున్నాడు. అన్న లేచి చేతులు దులుపుకున్నాడు.

"తిప్పుకోండ్రి బండి" అన్నాడు.

బండి వాళ్ళు దారి ఖర్చులకు గొడవ పడ్డారు, చివరికి పక్క ఊళ్ళో ఇంకో రైతు పిలిస్తే అటు పోయారు. కుదువ పెట్టిన గొలుసు రెండు రోజుల్లో మెడకు తిరిగి వచ్చింది. అన్న తల్లితో వారాల తరబడి మాట్లాడలేదు. నాతో అయితే మాట్లాడాడు గానీ, మేడం అనే మాటను పళ్ళ మధ్య పెట్టి కొరికి మరీ అనేవాడు. ఆరో చెట్టు ఇక మా లెక్కలోంచి పోయిందని, ఎన్ని నీళ్ళు కావాలంటే అన్ని పోసుకోమని అవ్వకు చెప్పేశాను. అప్పటి నుంచి దొంగచాటు పోయి దర్జా వచ్చింది. బిందె నడిమి బాట మీదుగా చూపించుకుంటూ తెచ్చి పోసేది.

పెద్ద సారు దగ్గరికి కాగితాలు పట్టుకుని వెళ్ళాను. ఆఖరి గడిలో, ప్రత్యేక కారణాలు అన్న చోట, "అవ్వ" అని రాశాను. అదేమిటన్నారు. చెప్పాను. రోజుకు ఎన్ని నీళ్ళు పడి ఉంటాయని అడిగారు, ఎవరెవరు చేతులు కడిగారో వరసగా చెప్పమన్నారు. నేను, కలుపు తీసేవాళ్ళు, జీపు డ్రైవరు అని లెక్క చెబుతూ వచ్చి ఆగాను. ఇంకా ఎవరు అని అడిగారు. మీరు కూడా సార్, రెండుసార్లు, చాయ్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తేమ పొర మాట ముందుగా అన్నది తానేనని ఆయనకూ గుర్తున్నట్టుంది. పెన్సిలుతో ఆరో చెట్టును కొట్టేసి, పొడిగింపు కాగితం నా ముందుకు తోశారు. ఆ మూతి కాస్త వంకర పోయిందని నేనంటాను. దాన్ని నవ్వు అనరని ఆఫీసులో మిగతా వాళ్ళంటారు.

నలభయ్యో రోజు నీళ్ళు వదిలాం. మూడు వారాలు తిరగకుండా మూడో వరుస విరగబూసింది. ఆకు కనబడనంత తెల్ల పూత, ఆటో దిగగానే వాసన. అన్న వరుసలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడుస్తూనే ఉన్నాడు. ఒక్క ఆరో చెట్టు మాత్రం కడుపు నిండిన కోడెలా నిగనిగలాడుతూ నిలబడింది. వెతికి వెతికి చూసినా ఒక్క పువ్వు లేదు. అవ్వ దాని కింద నిలబడి, ఒక్కొక్క కొమ్మా వంచి చూసింది. అన్న ఏదో ఎగతాళి చేయబోయి తల్లి ముఖం చూసి ఊరుకున్నాడు. బోరు బండిని తిప్పి పంపిన రోజు నుంచి అతను ఆమెతో ఆడిన మొదటి మాట ఆ పొద్దున్నేనని నాకు గుర్తు, ఇంటికి పోదాం పదవే అమ్మా అని.

మరుసటి చలికాలం మళ్ళీ వెళ్ళాను. ఆరో చెట్టును వదిలేసి గడియారాలు పెడుతుంటే అవ్వ వచ్చి దానికీ పెట్టమంది. నీతో అవుతుందా అన్నాను. ఒక గడియారం తీసి తానే నా చేతిలో పెట్టింది. ఆ ఏడాది మధ్యాహ్నం తిన్నాక నేను చేతులు కడుక్కోవాలంటే చెట్ల వరుసలన్నీ దాటి, ఎండిన బోరు బండరాయి దగ్గరికి నడవాల్సి వచ్చింది. అంతకన్నా దగ్గర్లో కడగడానికి వీల్లేదంది అవ్వ. జొన్నరొట్టె తిన్న చేయి గాల్లో పట్టుకుని అంత దూరం నడిచే పరిశోధకురాలిని ఎవరైనా చూసి ఉంటే ఏమనుకునేవారో.

ముప్పై మూడో రోజుకో ఎప్పుడో, ఆరో చెట్టు ఆకు ముడుచుకుంది. మధ్యాహ్నం ఎండలో ఆకులన్నీ వేళ్ళు మూసిన పిడికిళ్ళలా అయిపోయాయి. ముల్లు ఇంకా రావాల్సిన చోటికి రాలేదు. ఇంకో వారం ఆగాలని నాకు తెలుసు. చుట్టూ చూశాను. కలుపు వాళ్ళు అవతల ఉన్నారు, అన్న ఊళ్ళో లేడు. నా సీసాలో సగం నీళ్ళున్నాయి. ఎందుకో తెలియదు, మూత తీసి చెట్టు మొదటికి వంచబోయాను.

"బిడ్డా" అని వినబడింది. అవ్వ గట్టు మీద చెట్టుకు వీపు తిప్పి కూర్చుని ఉంది. నన్నెలా చూసిందో ఇప్పటికీ నాకు తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"నేనే ఓర్సుకుంటాన్న" అంది. "నువ్వు ఓర్సుకోలేవా?"

సీసాకు మూత పెట్టి, వెళ్ళి ఆమె పక్కన, చెట్టుకు వీపు తిప్పి కూర్చున్నాను.